పికప్ బండికి పికప్ తగ్గినప్పుడు రైతు చూచుకొనదగిన సంగతులు

కూరగాయలు పండించు రైతునకు నాగలి ఎంత అవసరమో, పండిన సరకును వేళకు మార్కెట్టు చేర్చు బండియు నేడు అంత అవసరము. చేవెళ్ల, శంకరపల్లి, వికారాబాదు ప్రాంతముల టమాటా, క్యారట్, ఆకుకూరలు తెల్లవారకముందే బోయినపల్లికో గుడిమల్కాపురమునకో ఎర్రగడ్డ రైతుబజారునకో చేరవలెను. ఒక గంట ఆలస్యమైనచో కొనువారు వెళ్లిపోదురు. మిగిలినవారు చెప్పిన ధరకే సరకు దించవలసి వచ్చును. బండి పూర్తిగా నిలిచిపోయినచో సంగతి తేలిక, మెకానిక్కును పిలువక తప్పదు. నడచుచునే యుండి మునుపటివలె ముందుకు దూకని బండితోనే చిక్కు ఎక్కువ. కోస్తా డ్రైవర్లు దీనినే "బండికి పికప్ లేదు" అందురు. మన ప్రాంతమువారు "బండి గుంజుతలేదు" అందురు. మాట ఒక్కటియే గాని దాని వెనుక కారణములు పదిహేనైనను ఉండవచ్చును. ఏ కారణమో తెలియక ఒక్కొక్క భాగమే మార్చుకొనుచు పోయినచో ఒక పంట లాభము గ్యారేజిలోనే కరిగిపోవును.

2022 జులై నెలలో ఒక తెల్లవారుజామున సోమాజిగూడలో నేను నడకకు బయలుదేరినప్పుడు, పంజాగుట్ట ఫ్లైఓవరు దిగువ రోడ్డు ప్రక్కన టమాటా క్రేట్లతో నిండిన పికప్ ఒకటి నిలిచి యుండెను. చేవెళ్ల వైపు గ్రామపు రైతు, ఆయన కుమారుడు దానిలో వచ్చిరి. మెహిదీపట్నము, మాసాబ్‌ట్యాంకు దాటువరకు ఎట్లో వచ్చినదట. ఫ్లైఓవరు ఎక్కునప్పుడు మాత్రము రెండవ గేరులో గూడ వేగము అందక, వెనుక వచ్చు బస్సులు హారన్లు కొట్టుచుండగా ప్రాకుచు దాటినదట.

"ఏమైందన్నా?" అని అడిగితిని.

"ఏం చెప్పాలె సార్, బండి గుంజుతలేదు. నెల కింద క్లచ్చి మార్పిచ్చిన, పద్నాలుగు వేలు అయినయి. మొన్న పోతే టర్బో పోయింది, నలభై వేలు అయితది అన్నరు."

క్లచ్చి మార్చిన తరువాత బండిలో ఏమైన మార్పు కనబడినదా అని అడుగగా, ఏమియు లేదనెను. ఆ జవాబులోనే సగము సంగతి తెలిసినది. డిగ్రీ చదువులో ట్రాక్టరు ఇంజనును గురించి నేర్చుకొన్న పాఠములే గాని, నాకు ఈ బండ్లలో ప్రత్యేక పాండిత్యము లేదు. అయినను క్రమముగా ప్రశ్నలు వేసుకొన్నచో సామాన్యునకును చాలవరకు దారి దొరకును.

మొదటి ప్రశ్న ఇది. యాక్సిలరేటరు నిండుగా త్రొక్కినప్పుడు ఇంజను వేగము పెరుగుచున్నదా, లేదా? ఇంజను గట్టిగా అరచుచు, మీటరులో ఇంజను వేగపు ముల్లు పైకి లేచుచు, బండి వేగము మాత్రము పెరుగకున్నచో క్లచ్చి జారుచున్నదని అనుమానింపవలెను. అప్పుడు కాలిన వాసన గూడ వచ్చును. పరీక్షింపగోరినచో చదునైన ఖాళీ రోడ్డున నాల్గవ గేరులో గంటకు 40 కిలోమీటర్ల వేగమున పోవుచు ఒక్కసారి నిండుగా త్రొక్కి చూడవలెను. ఇంజను వేగము, బండి వేగము రెండును కలిసి నెమ్మదిగా పెరిగినచో క్లచ్చికి దోషము లేదు. ఇంజనే లేవకున్నచో దానికి గాలి గాని, డీజిలు గాని, ఆజ్ఞ గాని చాలుట లేదు. ఇంజను బాగుగానే లాగుచు, దేనినో ఈడ్చుచున్నట్లు తోచినచో బ్రేకులు, టైర్లు, బరువు చూడవలెను. ఈ మూడు దారులలో ఏది అన్నది తేలకుండ ఏ భాగమును మార్పించరాదు.

ఆ రైతు బండిలో ఇంజనే లేవకుండెను. తండ్రి పక్కన కూర్చుండగా కుమారుని కొంతదూరము నడుపుమని వెనుక నుండి చూచితిని. త్రొక్కినంతనే పొగగొట్టము నుండి నల్లని పొగ దట్టముగా వచ్చినది. ముందుభాగమున బుస్సుమను శబ్దము వినవచ్చినది. నిలిపి, ఖాళీగా ఇంజనును త్రిప్పినప్పుడు ఆ శబ్దము గాని పొగ గాని లేదు.

నల్లని పొగ యనగా కాలవలసిన డీజిలు పూర్తిగా కాలుట లేదని అర్థము. డీజిలు వచ్చుచున్నది, గాలి చాలుట లేదు. గాలి ఎంత కావలెనో లెక్క వేసి చూచినచో ఆశ్చర్యము కలుగును. ఒక కిలో డీజిలు కాలుటకు ఇంచుమించు 14.5 కిలోల గాలి కావలెను. లీటరు డీజిలు 830 గ్రాములు తూగును గనుక లీటరునకు 12 కిలోల గాలి అవసరము. మన హైదరాబాదు గాలిలో అది సుమారు 11 వేల లీటర్లు. అనగా ఒక్క లీటరు డీజిలునకు ఒక పెద్ద నీళ్ల ట్యాంకరులో పట్టునంత గాలి లోపలికి పోవలెను. ఇది కనీసపు లెక్క; నిజముగా ఇంజను ఇంతకంటె ఎక్కువ గాలినే తీసికొనును. పైగా హైదరాబాదు సముద్రమట్టమునకు సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్నది. ఇచ్చటి గాలి బందరు గాలికంటె నూటికి 6 వంతులు పలుచన. అనంతగిరి గుట్టలెక్కు బండికి ఇంకను పలుచన.

ఇంత గాలిని ఇంజను తానుగా పీల్చుకొనలేదు గనుక టర్బో అమర్చిరి. పొగగొట్టమునకు పోవు వేడి వాయువులు ఒక చిన్న చక్రమును త్రిప్పును. అదే ఇరుసుపై రెండవ కొనయందున్న మరియొక చక్రము బయటి గాలిని పీల్చి ఒత్తిడితో ఇంజనులోనికి నెట్టును. ఆ ఇరుసు నిమిషమునకు లక్ష చుట్లకు పైగా తిరుగును. ఒత్తిడికి వేడెక్కిన గాలిని చాలా బండ్లలో ముందున్న ఇంటర్‌కూలరు చల్లబరచును. టర్బో నుండి ఇంటర్‌కూలరునకు, అచ్చటి నుండి ఇంజనునకు లావుపాటి రబ్బరు గొట్టములుండును. వాటి కొనలను క్లిప్పులతో బిగింతురు. ఖాళీ బండిలో టర్బో నెట్టు ఒత్తిడి స్వల్పము. బరువుతో ఎక్కునప్పుడే ఆ ఒత్తిడి నిండుగా వచ్చును. గొట్టము చీలినను, క్లిప్పు వదులైనను అప్పుడే గాలి బయటికి పోవును, అప్పుడే బుస్సుమను శబ్దము వచ్చును.

ఇంజను కొంత చల్లారిన పిమ్మట బానెట్ ఎత్తి చూడగా ఒక గొట్టపు కొనయందు నూనె మరక, దానిపై ఎర్రమట్టి దుమ్ము అంటుకొని యున్నవి. చేతితో కదపగా గొట్టము కదలినది. క్లిప్పు స్క్రూ వదులై యుండెను. గాలి గొట్టము వెలుపల ఇట్టి నూనె మరక కనబడిన చోటనే తరచుగా గాలి కారుచుండును. కుమారుడు సీటు క్రిందనున్న స్క్రూడ్రైవరుతో గొట్టమును లోపలికి నొక్కి క్లిప్పు బిగించినాడు. తరువాత బేగంపేట వైపు పోవునప్పుడు పొగ లేదు, శబ్దము లేదు. టర్బోకు ఏ దోషమును లేదు. క్లచ్చికి ముందునుండియు లేదు. ఆ గ్యారేజివారు మోసము చేసిరని నేననను. బండిని ఖాళీగా, తమ ఆవరణలో త్రిప్పి చూచిరి. అట్లు చూచినచో ఈ దోషము ఎవ్వరికిని కనబడదు. బరువుతో వచ్చు దోషమును బరువుతోనే చూడవలెను. బోయినపల్లికి గంటన్నర ఆలస్యముగా చేరి, ఆనాడు వచ్చిన ధరకే టమాటా దించితిమని రైతు తరువాత ఫోనులో చెప్పెను.

ఈ అనుభవముతో నాకు కొంత గర్వము కలిగెను. తరువాత మరియొక రైతు అదే ఫిర్యాదుతో వచ్చినప్పుడు చూడకుండగనే గొట్టములు బిగింపుమని చెప్పితిని. నేను పొరబడితిని. ఆ బండి వరికోతల కాలమున కల్లము ప్రక్కన పదిదినములు నిలిచియుండెను. గాలి పీల్చుకొను గొట్టములో ఎలుకలు గడ్డి చేర్చి గూడు కట్టినవి. ఎయిర్ ఫిల్టరు పెట్టె మూత తీయగనే సంగతి బయటపడినది. అప్పటినుండి ఎయిర్ ఫిల్టరు చూడనిదే మరి దేనిని గురించియు మాటాడను.

పొలములలో తిరుగు బండికి ఎయిర్ ఫిల్టరు విషయమున పట్టణపు లెక్కలు పనికిరావు. బండితో వచ్చిన పుస్తకములో ఇన్ని వేల కిలోమీటర్లకు మార్చవలెనని యుండును. దుమ్ము ప్రదేశములలో అంతకంటె ముందుగానే మార్చవలెనని గూడ అందులోనే యుండును, దానిని ఎవ్వరును చదువరు. కోతల కాలమున వడ్ల పొట్టు, ఊక, జొన్న చొప్ప పొడి ఫిల్టరు మడతలలో చేరి గట్టిపడును. వారమునకొకసారి మూత తీసి చూచుట మంచిది. దులుపుట అవసరమైనచో నెమ్మదిగా తట్టవలెను; గాలి పంపుతో ఊదినచో తక్కువ ఒత్తిడితో లోపలివైపు నుండి బయటికి ఊదవలెను. బయటినుండి ఊదినచో దుమ్ము కాగితములోనికి ఇంకను దిగును. పాత ట్రాక్టర్లలో నూనె తొట్టి గల ఎయిర్ క్లీనరులుండెడివి, వాటిని డీజిలుతో కడుగుట వాడుక. ఈ కాగితపు ఫిల్టరును డీజిలుతో గాని నీటితో గాని కడుగరాదు. ఫిల్టరు తీసివేసి నడిపిన బండి బాగుగా గుంజుచున్నదని సంతోషించి అట్లే వదలివేసినవారును కలరు. లక్ష చుట్లు తిరుగు చక్రమునకు ఇసుక రేణువు తగిలినచో ఏమగునో వేరుగా చెప్పనక్కరలేదు. నిజముగా టర్బో పోవుట అప్పుడే.

టర్బో ఇరుసునకు ఇంజను ఆయిలే ఆధారము. గుట్ట ఎక్కి వచ్చిన బండిని వెంటనే ఆపక ఒక నిమిషము నెమ్మదిగా తిరుగనిచ్చి ఆపవలెను. ఆయిలు మార్పులో ఆలస్యము పనికిరాదు.

గాలి సంగతి తేలిన తరువాత డీజిలు. పొగ లేకుండ, శబ్దము లేకుండ, బండి ఊరకే నీరసించి, నిండుగా త్రొక్కినప్పుడు కుదుపులతో ఆగి ఆగి పోవుచున్నచో డీజిలు ఫిల్టరును అనుమానింపవలెను. పల్లెలలో ట్రాక్టరు కొరకు డ్రమ్ములలో నిలువయుంచిన డీజిలునే పికప్‌లో పోయుట కలదు. డ్రమ్ము సగము ఖాళీగా ఉన్నచో వానాకాలపు రాత్రులలో లోపలి గాలిలోని తేమ నీరై అడుగున చేరును. తుప్పు, నాచు వంటి జిగురు గూడ చేరును. ఫిల్టరు అడుగున నీరు వదలు మర ఉండును. చాలా బండ్లలో నీరు చేరినప్పుడు మీటరు పలకపై దీపము వెలుగును. దీపము వెలిగినచో ఇంజను ఆపి, మర వదులు చేసి, నీరు పోయి శుద్ధమైన డీజిలు వచ్చువరకు ఒక సీసాలోనికి పట్టి, మరల బిగించి, చేతి పంపుతో నింపవలెను. సీసాలో నీరెంత, మురికి ఎంత అన్నది కన్నులారా చూచినచో ఆ డ్రమ్ము సంగతి ఏమి చేయవలెనో రైతునకే తెలియును.

బయలుదేరినప్పుడు బాగుండి, పది పదిహేను కిలోమీటర్లు పోయిన పిమ్మట బలము తగ్గి, కొంతసేపు ఆపి మరల బయలుదేరినచో బాగగు బండియున్నచో, బలము తగ్గిన వెంటనే ప్రక్కకు ఆపి ట్యాంకు మూత తీసి చూడవలెను. మూత తీయగనే బుస్సున గాలి లోపలికి పోయి బండి తేరుకొన్నచో, ట్యాంకు గాలి రంధ్రము మట్టితో పూడినదని అర్థము. ఇంతకంటె చౌకైన మరమ్మతు లేదు.

ఇచ్చట ఒక్క హెచ్చరిక గట్టిగా చేయవలసి యున్నది. పాత ట్రాక్టరు ఇంజనులో డీజిలులో గాలి చేరినప్పుడు ఇంజక్టరు గొట్టము నట్టు వదులు చేసి, ఇంజను త్రిప్పి, గాలి తీయుట మన రైతులందరికి తెలిసిన పనియే. కామన్ రైలు ఇంజనులలో ఆ పని ఎన్నటికిని చేయరాదు. ఆ ఉక్కు గొట్టములలో డీజిలు వెయ్యి బార్లకు మించిన ఒత్తిడితో ఉండును. కారు టైరులో ఉండునది రెండు బార్లకు కొంచెము ఎక్కువ; దీనితో పోల్చి చూడుడు. వదులైన నట్టు నుండి చిమ్ము సన్నని ధార చర్మమును చీల్చుకొని లోపలికి పోవును. పైకి సూది గ్రుచ్చినంత గాయమే కనబడును, లోపల కండ కుళ్లును, వేలు తీయవలసి రావచ్చును. అట్లు జరిగినచో నొప్పి లేకున్నను వెంటనే ఆసుపత్రికి పోయి డీజిలు లోపలికి పోయినదని స్పష్టముగా చెప్పవలెను.

పాత బండ్లకును నేటి బండ్లకును భేదమెక్కడ అన్నది ఒక్క మాట. సోమాజిగూడకు దగ్గరలోని సనత్‌నగరులో ప్రసిద్ధికెక్కిన ఆల్విన్ సంస్థ 1980లలో జపాను దేశపు నిస్సాన్ వారితో కలిసి జహీరాబాదులో చిన్న లారీలు తయారు చేయించినది. తరువాత ఆ కర్మాగారము మహీంద్రా వారి చేతికి వచ్చినది. ఆ కాలపు లారీలో త్రొక్కుడు పలకకును డీజిలు పంపుకును మధ్య తీగయో కడ్డీయో ఉండెడిది. కాలితో త్రొక్కినంత డీజిలు పోయెడిది. నేడు జహీరాబాదు బండియైనను, శ్రీసిటీలో 2016 నుండి ఇసుజు వారు తయారు చేయుచున్న పికప్ అయినను, కాలు త్రొక్కుట ఒక విన్నపము మాత్రమే. ఎంత డీజిలు ఈయవలెనో కంప్యూటరు నిర్ణయించును. గాలి ఒత్తిడి, వేడి, డీజిలు ఒత్తిడి చూచి, ఏదైన తేడా తోచినచో ఇంజనును కాపాడుటకు బలమును తగ్గించివేయును. అప్పుడు ఇంజను దీపము వెలుగును, బండి ఎంత త్రొక్కినను ఒక వేగమును మించదు. దీనిని దోషమనుకొనరాదు, ఇది దోషమును చెప్పు విధానము.

ఆ దీపము వెలిగిన వెంటనే బ్యాటరీ తీగ తీసి పెట్టుమని కొందరు డ్రైవర్లు సలహా యిత్తురు. దీపము ఆరినను లోపల దాచిన గుర్తులు గూడ చెరగిపోవచ్చును. మెకానిక్కునకు ఆధారము లేకుండపోవును. దానికి బదులు దీపము ఎప్పుడు వెలిగినది, ఎంత బరువున్నది, ఎక్కుటలోనా చదునులోనా, వాన యున్నదా అని వ్రాసి ఉంచుకొని, స్కానరు గల గ్యారేజిలో చూపవలెను. స్కానరు చూపు సంకేతము గూడ తుది తీర్పు కాదు. గాలి ఒత్తిడి తక్కువ అని అది చెప్పినచో, ఒత్తిడి చెప్పు సెన్సారు చెడవచ్చును, గొట్టము చీలవచ్చును, ఫిల్టరు మూసుకొనవచ్చును, ఎలుక తీగ కొరకవచ్చును. నిజముగా టర్బోయే చెడుట వీటిలో ఒకటి మాత్రమే, అన్నిటికంటె ఖరీదైనది. పొగను కొంత త్రిప్పి లోపలికి పంపు ఇ.జి.ఆర్. కవాటము మసితో తెరచుకొనియే బిగిసిపోయినను తక్కువ వేగములలో బండి మందగించును. దానిని శుభ్రపరచుటతోనే తరచుగా పని జరుగును.

2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతట భారత్ స్టేజి 6 నియమములు అమలునకు వచ్చినవి. డీజిలులోని గంధకము పది లక్షల వంతులలో 50 నుండి 10 వంతులకు తగ్గినది. డీజిలు పికప్‌లకు మసి పట్టు జల్లెడ, డి.పి.ఎఫ్. అనునది, వచ్చినది. కావున నేను పైన చెప్పిన నల్లని పొగ గుర్తు ఈ క్రొత్త బండ్లకు పనికిరాదు. గాలి కారుచున్నను పొగ బయటికి రాదు. ఆ మసి అంతయు జల్లెడలో పేరుకొనును. జల్లెడ నిండిన కొలది ఇంజను ఊపిరి విడువలేక బలము తగ్గును. నిండిన మసిని కంప్యూటరే అప్పుడప్పుడు కాల్చివేయును గాని, అందులకు ఇంజను కొంతసేపు వేడిగా, ఒకే వేగముతో నడువవలెను. ఊరిలోనే రెండేసి కిలోమీటర్లు తిరుగు బండికి, అమీర్‌పేట రద్దీలో ఆగి ఆగి పోవు బండికి ఆ అవకాశము దొరకదు. జల్లెడ దీపము వెలిగినచో పుస్తకములో చెప్పినట్లు ఖాళీ రోడ్డున ఇరువది నిమిషములు ఆగకుండ నడుపుటయే మొదటి మందు. తరచుగా వెలుగుచున్నచో జల్లెడను నిందింపక, అంత మసి ఎచ్చటినుండి వచ్చుచున్నదో, అనగా గాలి గొట్టములు, ఫిల్టరు, ఇంజక్టర్లు చూడవలెను. జల్లెడను తీయించి ఖాళీ గొట్టము పెట్టించుట చట్టవిరుద్ధము. ఇట్టి బండ్లకు బూడిద తక్కువగా మిగులు ఆయిలునే వాడవలెను. ట్రాక్టరు కొరకు తెచ్చిన ఆయిలు మిగిలినదని పోయరాదు.

మసి కాలునప్పుడు జల్లెడలో వేడి ఇంచుమించు 600 డిగ్రీల సెంటీగ్రేడు వరకు పోవును. ఎండుగడ్డి అంటుకొనుటకు అందులో సగము వేడి చాలును. వరిగడ్డి పరచిన పొలములో, కల్లములో, ఎండిన బీడు గడ్డిపై అట్టి బండిని నిలిపినచో గడ్డివాములు, ధాన్యము, బండి మూడును పోగలవు. దూరము నడిచివచ్చిన బండిని గట్టునో ఖాళీ నేలనో నిలుపవలెను. దాని క్రింద గడ్డి పోగులు చిక్కుకొనియున్నచో చల్లారిన తరువాత తీసివేయవలెను.

కొన్ని బండ్లలో డీజిలు ట్యాంకుతోపాటు నీలిరంగు మూతగల చిన్న ట్యాంకు ఉండును. అందులో డి.ఇ.ఎఫ్. అను ద్రవము పోయవలెను. అది అయిపోయినను, చెడినదైనను కంప్యూటరు బండి బలమును తగ్గించును. ఈ ద్రవము నూటికి 32.5 పాళ్లు శుద్ధమైన యూరియా, మిగిలినది లవణములు తీసిన నీరు. ఈ సంగతి తెలిసిన ఒకరిద్దరు రైతులు, మన యూరియా బస్తా ఉండగా కొనుటెందుకని నన్నే అడిగిరి. ఇది నా శాఖకు సంబంధించిన విషయము గనుక వివరముగా చెప్పెదను. మన పొలము యూరియాకు వేపనూనె పూత ఉండును. 2015 నుండి దేశములో తయారగు యూరియా అంతటికి ఈ పూత తప్పనిసరియైనది. ఆ నూనె, బోరునీటి సున్నము పొగగొట్టములోని సన్నని చిమ్ము రంధ్రమును, రసాయన పొరను పాడుచేయును. ఎరువు యూరియాలో బయూరెట్ అను పదార్థము నూటికి 1.5 పాళ్ల వరకు ఉండవచ్చును, డి.ఇ.ఎఫ్.లో 0.3 పాళ్లను మించరాదు. అది కాలక గట్టిపడి గడ్డకట్టును. ఇరువది లీటర్ల ద్రవము ఆదా చేయబోయి వేలకొలది రూపాయల భాగము పోగొట్టుకొనవలసి వచ్చును. అదిగాక, సబ్సిడీ యూరియాను నేలకు తప్ప అన్యమునకు వాడుట 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వునకు విరుద్ధము.

ఇక బండి ఈడ్చుచున్నట్లు తోచు పక్షము. బ్రేకు విడువక పట్టుకొని యుండుట ఇందులో ముఖ్యమైనది. బురదలో తిరిగిన బండికి వెనుక డ్రమ్ములలో మట్టి చేరి బ్రేకు పూర్తిగా విడువదు. చేతి బ్రేకు తీగ తుప్పుపట్టి సగములో నిలుచును. చదునైన ఖాళీ రోడ్డున గంటకు 30 కిలోమీటర్ల వేగమున న్యూట్రలు చేసి ఎంతదూరము పోయి ఆగునో చూడవలెను. వాలులో ఈ పరీక్ష చేయరాదు. బ్రేకు ఎక్కువగా వాడకుండ కొంతదూరము నడిపి ఆపి, ఒక్కొక్క చక్రము దగ్గరకు చేతి వెనుకభాగమును తెచ్చి చూచినచో, పట్టుకొనియున్న చక్రపు సెగ వేరుగా తెలియును. తాకరాదు, కాలును. టైర్ల గాలి బండి తలుపు దగ్గర అంటించిన కాగితములో చెప్పినంత, బరువునకు తగినట్లు ఉండవలెను.

బరువును గురించి రైతులు నిజము చెప్పరు, లేక వారికే తెలియదు. ఒక టమాటా క్రేటు సుమారు 25 కిలోలు; 60 క్రేట్లయినచో 1500 కిలోలు. దానిపై "ఇంక పది పెట్టు తమ్మీ" అని పెట్టించి, పైన నలుగురు కూలీలు కూర్చున్నచో సుమారు అరటన్ను పెరిగినది. వానలో తడిసిన ఆకుకూర కట్టలు, మట్టితో పెరికిన క్యారట్ మూటలు కంటికి కనబడినదానికంటె ఎక్కువ తూగును. బండి బరువు, సరకు కలిసి 3 టన్నులైనచో 20 అడుగులకు 1 అడుగు లేచు వాలుపై ఎక్కుటకు, చదునునేల బలముగాక, అదనముగా 150 కిలోల లాగుడు బలము కావలెను. 4 టన్నులైనచో 200 కిలోలు. ఇంజను అదే, బరువు పెరిగినది; దోషము ఇంజనులో వెదకి ప్రయోజనము లేదు. ఒక్కసారి వేబ్రిడ్జి కాటాపై తూచి, ఆ చీటీని రిజిస్ట్రేషను పత్రములో వ్రాసియున్న మొత్తపు బరువుతో పోల్చవలెను.

బలము తగ్గుట ఒక్కదినమున జరుగదు గనుక డ్రైవరునకు అలవాటై తెలియదు. బండి బాగున్నప్పుడే ఒక కొలత వ్రాసి ఉంచుకొనుట నేను చూచినవాటిలో ఎక్కువ ఉపయోగపడిన పద్ధతి. ఊరి దగ్గర వాహనములు లేని చదునైన ఒక రోడ్డును ఎన్నుకొని, తెలిసిన బరువుతో, మూడవ గేరులో గంటకు 20 నుండి 50 కిలోమీటర్ల వేగము అందుటకు ఎన్ని సెకనులు పట్టినదో పక్కన కూర్చున్నవారు సెల్‌ఫోను గడియారముతో చూడవలెను. రెండు వైపులకు పోయి సగటు తీయవలెను, గాలి తాకిడి, కొంచెపు వాలు కొట్టుకొనిపోవును. నెలకొకసారి అదే రోడ్డున అదే బరువుతో చూచి, లీటరునకు వచ్చిన కిలోమీటర్లతోపాటు పుస్తకములో వ్రాయవలెను. సెకనులు పెరిగి మైలేజి గూడ తగ్గినచో గాలి, బ్రేకులు మొదట చూడవలెను. సెకనులు పెరిగినను మైలేజి అంతే ఉన్నచో డీజిలు ఫిల్టరు వైపు, కంప్యూటరు వైపు చూడవలెను. ఈ పుస్తకమును గ్యారేజికి తీసికొనిపోయినచో మెకానిక్కు మాట తీరే మారును.

గ్యారేజిలో భాగము మార్చుటకు ఒప్పుకొనుటకు ముందు స్కానరు చూపిన సంకేతమును కాగితముపై వ్రాయించుకొనవలెను. మార్చిన పాత భాగమును అడిగి తీసికొనవలెను. బండిని అప్పగించుకొనునప్పుడు సరకు బరువుతో, దోషము వచ్చిన అట్టి వాలుపైనే, మెకానిక్కును పక్కన కూర్చుండబెట్టుకొని నడిపి చూడవలెను. చేవెళ్ల రైతు కుమారుడు ఇప్పుడు బండి సీటు క్రింద స్క్రూడ్రైవరుతోపాటు రెండు కొత్త క్లిప్పులు, ఒక ఎయిర్ ఫిల్టరు ఉంచుకొనుచున్నాడు.